మీ ఐఆర్, రామన్ స్పెక్ట్రా పదేళ్ల తర్వాత కూడా తెరుచుకునేలా సేవ్ చేసి షేర్ చెయ్యడం ఎలా

ఎఫ్‌టీఐఆర్ (శాంపిల్ ఏ వేవ్‌నంబర్ దగ్గర ఎంత ఇన్‌ఫ్రారెడ్ కాంతి పీల్చుకుందో చూపే గ్రాఫ్, అంటే ఐఆర్ స్పెక్ట్రమ్) తీయించుకుని ఇన్‌స్ట్రుమెంట్ రూమ్ నుంచి బయటికొచ్చే స్కాలర్ల చేతిలో ఎక్కువగా ఉండేది ఒక పీడీఎఫ్, లేకపోతే పీకుల మీద నంబర్లు రాసున్న ఒక జేపెగ్ బొమ్మ. థీసిస్‌లో అతికించడానికి అది చాలు. కానీ రెండేళ్ల తర్వాత రివ్యూయర్ ఒకాయన "1700 దగ్గర ఆ షోల్డర్ నిజంగా ఉందా, బేస్‌లైన్ కరెక్షన్ చెయ్యని డేటా చూపించండి" అని (షోల్డర్ అంటే పెద్ద పీక్ పక్కన చిన్న ఉబ్బు, బేస్‌లైన్ కరెక్షన్ అంటే పీకుల కింది గీతని సమం చెయ్యడం) అడిగితే ఆ బొమ్మ దేనికీ పనికిరాదు, ఒరిజినల్ ఫైల్ ఎక్కడో ఉన్నా అది తెరిచే సాఫ్ట్‌వేర్ ఆ రూమ్‌లో ఉన్న ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఆ ఇన్‌స్ట్రుమెంట్ ఏఎంసీ (మెయింటెనెన్స్ ఒప్పందం) అయిపోయి కొత్తది వచ్చుంటే ఇక అంతే సంగతులు. అందుకే ఈ పనంతా స్పెక్ట్రమ్ తీసిన రోజే, ఆ కంప్యూటర్ ముందు కూర్చునే చెయ్యాలి. తర్వాత చేద్దాంలే అంటే లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్ దగ్గరికి మళ్లీ స్లాట్ బుక్ చేసుకుని వెళ్లాలి.

ఇక్కడ ఎక్కువగా ఐఆర్, రామన్ (శాంపిల్ మీద పడి చెదిరిన లేజర్ కాంతి ఎంత మారిందో చూసే పద్ధతి) గురించే చెప్తాను, ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రోమెట్రీ వాళ్లకి చివర్లో కొంచెం ఉంది.

మొదట: రెండు ఫైళ్లు తీసుకోండి, ఒకటి కాదు

కంపెనీ ఫైల్ ఒకటి, ఓపెన్ ఫైల్ ఒకటి. కంపెనీ ఫైల్ అంటే ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ సాఫ్ట్‌వేర్ సొంతంగా రాసేది, థర్మో వాళ్ల ఆమ్నిక్ అయితే డాట్ ఎస్‌పీఏ, రెనిషా రామన్ అయితే డాట్ డబ్ల్యూడీఎఫ్, బ్రూకర్ ఓపస్ అయితే డాట్ సున్నా, డాట్ ఒకటి అని చివర నంబర్ ఉంటుంది. ఇది తప్పకుండా కాపీ చేసుకోండి, ఎందుకంటే ఇంటర్‌ఫెరోగ్రామ్ (స్పెక్ట్రమ్‌గా లెక్కగట్టకముందు డిటెక్టర్‌లో వచ్చే ముడి సిగ్నల్), బ్యాక్‌గ్రౌండ్ స్కాన్ (శాంపిల్ లేకుండా తీసేది), డిటెక్టర్ సెట్టింగులు, ఇంకా మీకు కనబడని సంగతులు చాలా అందులోనే ఉంటాయి, ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు వాటిలో సగం రావు. ఇంటర్‌ఫెరోగ్రామ్ కూడా సేవ్ చెయ్యమనే ఆప్షన్ ఉంటే స్కాన్ మొదలెట్టకముందే టిక్ పెట్టండి, కొన్ని సాఫ్ట్‌వేర్లలో అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది.

ఓపెన్ ఫైల్ అంటే స్పెసిఫికేషన్ అందరికీ దొరికేది, ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేకుండా ఎవరైనా చదివే ప్రోగ్రామ్ రాసుకోగలిగేది. ఐఆర్‌కి నేను కళ్లు మూసుకుని చెప్పేది జేక్యాంప్ డీఎక్స్. 1988లో మెక్‌డొనాల్డ్, విల్క్స్ అప్లైడ్ స్పెక్ట్రోస్కోపీ జర్నల్‌లో దీని ఐఆర్ వెర్షన్ 4.24 ప్రచురించారు, తర్వాత ఎన్‌ఎంఆర్‌కీ మాస్‌కీ కూడా వచ్చింది, 1995 నుంచి దీని బాధ్యత అంతర్జాతీయ కెమిస్ట్రీ సంస్థ ఐయూపీఏసీ చూస్తోంది. ఇంత పాతదా అనుకోకండి, పాతదవ్వడమే దీని బలం. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవొచ్చు, అప్పట్లో రాసిన ఫైళ్లు ఇవాళ్టికీ తెరుచుకుంటున్నాయి, అమెరికా వాళ్ల నిస్ట్ వెబ్‌బుక్ అనే కెమిస్ట్రీ డేటా సైట్‌లో ఏదైనా కాంపౌండ్ పేజీకి వెళ్లి చూడండి, ఐఆర్ స్పెక్ట్రమ్ ఉంటే కింద డౌన్‌లోడ్‌కి ఇచ్చేది ఇదే ఫార్మాట్. ప్రాక్టీస్‌కి అక్కణ్నుంచి ఒకటి దించుకుని పక్కన పెట్టుకోండి, కింద చెప్పేవన్నీ దానిలో చూసుకోవచ్చు.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు

సేవ్ యాజ్‌లోనో ఎక్స్‌పోర్ట్‌లోనో జేక్యాంప్ అని ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ డాట్ జేడీఎక్స్ లేదా డాట్ డీఎక్స్. అక్కడ డేటాని ఎలా రాయాలి అని అడిగితే కంప్రెషన్ లేనిది ఎంచుకోండి. కంప్రెస్ చేసిన పద్ధతిలో నంబర్ల మొదటి అంకె బదులు ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి, డిఫరెన్స్ పద్ధతిలో అయితే ఒక పాయింట్‌కీ పక్క పాయింట్‌కీ మధ్య తేడా మాత్రమే రాస్తుంది. అలాంటి ఫైల్ తెరిచి "ఇదేంటి, పాడైపోయింది" అని డిలీట్ చేసేవాళ్లున్నారు, అది పాడవ్వలేదు, జేక్యాంప్ చదవగలిగే ప్రోగ్రామ్‌లో చక్కగా వస్తుంది. కానీ ఇప్పుడు ఒక స్పెక్ట్రమ్ అంటే చిన్న ఫైలే, దాని కోసం కంప్రెషన్ ఎందుకు, కంటితో చదవగలిగేదే ఉంచుకుందాం.

ఎక్స్‌పోర్ట్ అయ్యాక నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ప్రతి లైన్ మొదట్లో రెండు హ్యాష్ గుర్తులు, తర్వాత లేబుల్ పేరు, ఈక్వల్ గుర్తు, దాని విలువ. టైటిల్, డేటా టైప్, ఎక్స్ యూనిట్స్, వై యూనిట్స్, ఫస్ట్ ఎక్స్, లాస్ట్ ఎక్స్, ఎన్ పాయింట్స్, ఎక్స్ ఫ్యాక్టర్, వై ఫ్యాక్టర్ (ఫైల్‌లో ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి), తర్వాత ఎక్స్‌వై డేటా, ఆఖర్న ఎండ్. ఇందులో మూడు చూడాలి.

ఒకటి వై ఫ్యాక్టర్. ఫైల్‌లో చాలాసార్లు పూర్ణాంకాలే రాసి ఉంటాయి, వాటిని వై ఫ్యాక్టర్‌తో గుణిస్తేనే అసలు అబ్జార్బెన్స్ (శాంపిల్ ఎంత కాంతి పీల్చుకుందో చెప్పే కొలత) వస్తుంది. మీరే సొంతంగా పైథాన్‌లో చదువుతూ ఇది మర్చిపోతే అబ్జార్బెన్స్ లక్షల్లో కనబడుతుంది.

రెండోది ట్రాన్స్‌మిటెన్స్ (శాంపిల్ దాటి బయటికొచ్చిన కాంతి భాగం) స్కేల్. వై యూనిట్స్‌లో ట్రాన్స్‌మిటెన్స్ అని ఉంటే స్టాండర్డ్ ప్రకారం అది 0 నుంచి 1 మధ్య ఉండాలి, కానీ కొన్ని ఫైళ్లలో అదే పేరు పెట్టి 0 నుంచి 100 శాతాల్లో రాసుంటారు. అది గమనించకుండా అబ్జార్బెన్స్‌లోకి మారిస్తే ఖాళీ బేస్‌లైన్ సున్నా దగ్గర ఉండాల్సింది మైనస్ 2 దగ్గర కూర్చుంటుంది. మైనస్ 2 కనబడిందంటే కారణం దాదాపు ఇదే, 100తో భాగించి మళ్లీ చెయ్యండి. అసలు వీలైతే అబ్జార్బెన్స్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

మూడోది పాయింట్ల లెక్క. లాస్ట్ ఎక్స్‌లోంచి ఫస్ట్ ఎక్స్ తీసేసి, పాయింట్ల సంఖ్యలో ఒకటి తక్కువ చేసి దానితో భాగించండి, వచ్చేది రెండు పాయింట్ల మధ్య దూరం. 4 సెంటీమీటర్ ఇన్‌వర్స్ (వేవ్‌నంబర్ యూనిట్) రిజల్యూషన్‌లో తీసినదైతే చాలా ఎఫ్‌టీఐఆర్‌లలో ఇది సరిగ్గా 2 రాదు, 1.928 అలా వస్తుంది. ఇదేం తప్పు కాదండి, లోపల హీలియం నియాన్ లేజర్ 15798 సెంటీమీటర్ ఇన్‌వర్స్ దగ్గర ఉంటుంది, ఎక్స్ యాక్సిస్ స్కేల్ దాన్నుంచే పుడుతుంది, 15798ని 8192తో భాగిస్తే ఆ 1.928 వచ్చేస్తుంది. కాబట్టి చూడ్డానికి బాగుంటుందని ఎక్స్ విలువల్ని 3998, 3996 అని రౌండ్ చెయ్యొద్దు, చేస్తే పీకులు జరిగిపోతాయి, ఇంకో స్పెక్ట్రమ్‌తో సబ్‌ట్రాక్ట్ చేసినప్పుడు పీక్ ఉన్నచోటల్లా పైకీ కిందకీ ఒక వంకర వస్తుంది.

రామన్ వాళ్లు ఇక్కడ ఆగి చదవండి

ఎఫ్‌టీఐఆర్‌లో పాయింట్లు సమాన దూరంలో ఉంటాయి, జేక్యాంప్‌లో మామూలు ఎక్స్‌వై డేటా పద్ధతి దాని కోసమే, ప్రతి లైన్‌కి ఒక ఎక్స్ రాసి తర్వాత వరసగా వై విలువలు ఇస్తుంది, మధ్యలో ఎక్స్‌లు మనం లెక్కేసుకోవాలి. కానీ గ్రేటింగ్ (కాంతిని వేవ్‌లెంగ్త్‌లుగా విడదీసేది), సీసీడీ (కెమెరా లాంటి డిటెక్టర్) ఉన్న రామన్‌లో అలా కుదరదు. సీసీడీ పిక్సెల్స్ దాదాపు వేవ్‌లెంగ్త్‌లో సమానంగా ఉంటాయి, దాన్ని రామన్ షిఫ్ట్‌లోకి మారిస్తే ఒక చివర దూరం ఎక్కువ, ఇంకో చివర తక్కువ. అలాంటి డేటాని సమాన దూరం పద్ధతిలో ఎక్స్‌పోర్ట్ చేస్తే రెండే దార్లు, సాఫ్ట్‌వేర్ మీకు చెప్పకుండా ఇంటర్‌పొలేట్ (మధ్య విలువలు అంచనా కట్టడం) అయినా చెయ్యాలి, తప్పు ఎక్స్ అయినా ఇవ్వాలి. అందుకని రామన్‌కి ఎక్స్‌వై పాయింట్స్ అనే పద్ధతి ఎంచుకోండి, అందులో ప్రతి పాయింట్‌కీ జత రాస్తుంది. ఆ ఆప్షన్ లేకపోతే రెండు కాలమ్‌ల టెక్స్ట్ ఫైల్ చాలు, మొదటి కాలమ్ ఎక్స్, రెండోది వై.

లేజర్ వేవ్‌లెంగ్త్ తప్పకుండా రాయండి, 532నా 785నా, అది లేని రామన్ ఫైల్‌ని ఫ్లోరెసెన్స్‌తో పోల్చడానికి ఉండదు, మళ్లీ కాలిబ్రేట్ చెయ్యడానికీ ఉండదు. దానితో పాటు లేజర్ పవర్, ఆబ్జెక్టివ్, గ్రేటింగ్, ఎక్స్‌పోజర్ సెకన్లు, ఎన్ని అక్యుములేషన్లు (ఎన్నిసార్లు తీసి కలిపారు), కాస్మిక్ రే రిమూవల్ (కాస్మిక్ కిరణాల వల్ల వచ్చే సన్నటి దొంగ పీకుల్ని తీసెయ్యడం) ఆన్‌లో ఉందా లేదా. ఈ చివరిది ఎవరూ రాయరు, కానీ సన్నటి పీక్ ఒకటి మాయమైతే దానికి కారణం ఇదే కావచ్చు.

ఎక్సెల్‌తో జాగ్రత్త

సీఎస్‌వీ మంచిదే, నేను వద్దనట్లేదు, కానీ దాన్ని ఎక్సెల్‌లో తెరిచి మళ్లీ సేవ్ కొట్టొద్దు. సెల్స్‌కి రెండు దశాంశాల ఫార్మాట్ పెట్టి ఉంటే సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడు తెర మీద కనబడే ఆ రెండు దశాంశాలే ఫైల్‌లోకి వెళ్తాయి, 0.0034 కాస్తా 0.00 అయిపోతుంది, మిగతాది ఇక దొరకదు. శాంపిల్ పేరు 3-5 లాంటిదైతే తేదీగా మార్చేస్తుంది. జర్మనీలో పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్లకి ఇంకో తలనొప్పి, అక్కడ విండోస్ సెట్టింగ్‌లో దశాంశ బిందువు బదులు కామా ఉంటుంది, కాలమ్‌లని విడదీసేది కూడా కామానే అయితే ఫైల్ మొత్తం కలిసిపోతుంది. ఎక్స్‌పోర్ట్ చేసేముందు రీజియన్ సెట్టింగ్ మార్చండి, లేదా కాలమ్‌ల మధ్య ట్యాబ్ పెట్టుకోండి.

గ్రాఫ్ కోసం ఎక్సెల్‌లో తెరవాలంటే కాపీ తీసుకుని ఆ కాపీని తెరవండి. ఒరిజినల్స్ ఉన్న ఫోల్డర్‌ని రీడ్ ఓన్లీ చేసి పెట్టుకుంటే ఇంకా నిశ్చింత.

అసలైన పని: చుట్టూ సమాచారం రాయడం

ఫార్మాట్ గురించి ఇంత చెప్పాను గానీ, నిజంగా డేటా చచ్చిపోయేది ఫైల్ తెరుచుకోక కాదు, తెరుచుకున్నా అదేంటో ఎవరికీ తెలియక. "ఎస్‌ఆర్ 2 న్యూ ఫైనల్" అనే పేరుతో 1801 జతల నంబర్లు ఉన్నాయనుకోండి, అది కేబీఆర్ పెల్లెట్టా (పొటాషియం బ్రోమైడ్ పొడితో నొక్కి చేసిన బిళ్ల) ఏటీఆరా (శాంపిల్‌ని ఒక క్రిస్టల్‌కి నొక్కి తీసే పద్ధతి)? ఏటీఆర్ అయితే క్రిస్టల్ డైమండా జెర్మేనియమా, ఏటీఆర్ కరెక్షన్ చేశారా? ఇది తెలియకపోతే ఇంటెన్సిటీలు పోల్చడం దండగ, ఎందుకంటే ఏటీఆర్‌లో వేవ్‌నంబర్ తగ్గేకొద్దీ కాంతి శాంపిల్‌లోకి లోతుగా వెళ్తుంది, అందువల్ల 1000 వైపు పీకులు కేబీఆర్‌లో కంటే పెద్దవిగా, 3000 వైపు చిన్నవిగా కనబడతాయి. ఏ సాఫ్ట్‌వేర్‌కీ ఇది చూసి కనిపెట్టే శక్తి లేదు, మీరు రాయాల్సిందే.

జేక్యాంప్‌లో దీనికి చోటుంది. శాంప్లింగ్ ప్రొసీజర్, స్టేట్, పాత్ లెంగ్త్, రిజల్యూషన్, టెంపరేచర్, డేటా ప్రాసెసింగ్ అని లేబుల్స్ స్టాండర్డ్‌లోనే ఉన్నాయి, ఎక్స్‌పోర్ట్ చేసే సాఫ్ట్‌వేర్లు వీటిని ఎక్కువగా ఖాళీగా వదిలేస్తాయి, మీరు నోట్‌ప్యాడ్‌లోనే నింపొచ్చు. స్టాండర్డ్‌లో లేనిది రాయాలంటే రెండు హ్యాష్‌ల తర్వాత ఒక డాలర్ గుర్తు పెట్టి సొంత లేబుల్ పెట్టుకోవచ్చు, ఉత్త కామెంట్ అయితే రెండు డాలర్ గుర్తులు. లైన్ 80 అక్షరాలు దాటకూడదు. ఇంకా డిగ్రీ గుర్తు, మైక్రో గుర్తు, తెలుగు అక్షరాలు లోపల పెట్టొద్దు, ఈ ఫార్మాట్ మామూలు ఇంగ్లిష్ కీబోర్డు అక్షరాలకే పుట్టింది, మిగతావి ఇంకో కంప్యూటర్‌లో చెత్తగా మారతాయి. డిగ్రీ అని అక్షరాల్లో రాసెయ్యండి.

డేటా ప్రాసెసింగ్ దగ్గర నిజం రాయండి, వరస క్రమంలో రాయండి. స్మూతింగ్ చేశారా, ఎన్ని పాయింట్లు, బేస్‌లైన్ తీశారా, కార్బన్ డయాక్సైడ్ పీక్‌ని 2350 దగ్గర గీత గీసి కప్పేశారా. కప్పేస్తే కప్పేశామని రాస్తే తప్పులేదు, రాయకపోతే ఆ పక్కన నైట్రైల్ పీక్ కోసం వెతికేవాళ్లు మోసపోతారు. ఏమీ చెయ్యని ముడి స్పెక్ట్రమ్ వేరే ఫైల్, ప్రాసెస్ చేసింది వేరే ఫైల్, ఒకదాని మీద ఇంకోటి సేవ్ చెయ్యొద్దు.

తర్వాత రీడ్‌మీ. మామూలు టెక్స్ట్ ఫైల్, వర్డ్ కాదు. శాంపిల్ కోడ్‌లు ఏవి ఏంటి, ఎవరు ఎప్పుడు ఏ ఇన్‌స్ట్రుమెంట్ మీద తీశారు, మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఎన్ని స్కాన్లు, బ్యాక్‌గ్రౌండ్ దేని మీద, ఏ ఫోల్డర్‌లో ఏముంది, ప్రతి ఫైల్‌లో కాలమ్‌లు, యూనిట్లు. మీ ల్యాబ్ నోట్‌బుక్ పేజీ నంబర్ కూడా వెయ్యండి, మీ జూనియర్‌కి అదే దారి చూపిస్తుంది. ఫైల్ పేర్లలో స్పేస్‌లు వద్దు, తేదీ 2025-03-14 పద్ధతిలో ముందు పెడితే ఫోల్డర్‌లో దానంతటదే వరసలో ఉంటుంది.

ఇంకొకటి, ఇది చాలా తక్కువమంది చేస్తారు, దయచేసి చెయ్యండి: ఆ రోజు తీసిన స్టాండర్డ్ స్పెక్ట్రమ్ కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి. ఐఆర్ అయితే పాలీస్టైరీన్ ఫిల్మ్, 1601 దగ్గర పీక్ ఎక్కడుందో చూస్తే ఆ రోజు ఇన్‌స్ట్రుమెంట్ ఎంత జరిగిందో తెలుస్తుంది. రామన్ అయితే సిలికాన్ ముక్క, 520.5 దగ్గర పీక్. రెండు నిమిషాల పని, మీ షిఫ్ట్ 3 సెంటీమీటర్ ఇన్‌వర్స్ నిజమేనా అని ఎవరైనా అడిగినప్పుడు ఇంతకంటే మంచి జవాబు ఉండదు.

వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి

ఎక్స్‌పోర్ట్ అయిందంటే పని అయినట్టు కాదు. మీ లాప్‌టాప్‌లో, ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ లేని చోట తెరవాలి. విండోస్‌లో స్పెక్ట్రాగ్రిఫ్ ఉంది, అది చాలా కంపెనీల ఫైళ్లు కూడా చదువుతుంది. పైథాన్ వాడేవాళ్లకి జేక్యాంప్ అనే చిన్న లైబ్రరీ ఉంది, స్పెక్ట్రోకెంపై అయితే ఆమ్నిక్, ఓపస్ ఫైళ్లని నేరుగా చదువుతుంది, ఆర్ వాళ్లకి హైపర్‌స్పెక్ ఉంది. కంపెనీ ఫైల్‌నీ మీ ఓపెన్ ఫైల్‌నీ ఒకే గ్రాఫ్‌లో వేసి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసెయ్యండి, మిగిలేది దాదాపు సున్నా రావాలి. పీకుల దగ్గర ఏమైనా మిగిలితే ఎక్స్‌లో తేడా ఉంది, మొత్తం మీద ఒకే ఎత్తు మిగిలితే యూనిట్లలో తేడా ఉంది. ఫస్ట్ ఎక్స్ 400 ఉందా 4000 ఉందా కూడా చూసుకోండి, కొన్ని ప్రోగ్రాములు తిరగేసి రాస్తాయి, అది తప్పు కాదు గానీ మీ స్క్రిప్ట్ దానికి సిద్ధంగా ఉండాలి.

మ్యాపింగ్, ఎన్‌ఎంఆర్, మాస్

రామన్ మ్యాప్ తీస్తే జేక్యాంప్ సరిపోదు. వందకి వంద పాయింట్ల మ్యాప్ అంటే పది వేల స్పెక్ట్రా, ఒక్కోదానికి వెయ్యి పాయింట్లయితే కోటి నంబర్లు. దీనికి హెచ్‌డీఎఫ్5 అనే ఓపెన్ ఫార్మాట్ వాడండి, ఒకే ఫైల్‌లో పెద్ద అరే, దాని పక్కనే ఎక్స్ యాక్సిస్, స్టేజ్ పొజిషన్లు, వాటికి అట్రిబ్యూట్లుగా లేజర్, పవర్, యూనిట్లు అన్నీ పెట్టొచ్చు, పైథాన్‌లో హెచ్5పై, మాట్‌ల్యాబ్, ఆర్ అన్నీ చదువుతాయి. సింక్రోట్రాన్‌లలో వాడే నెక్సస్ కూడా దీని మీదే కట్టింది, లోపల పేర్లు ఎలా పెట్టాలో తెలియకపోతే దాన్ని చూసి పెట్టుకోండి.

ఎన్‌ఎంఆర్‌కి ఎఫ్‌ఐడీ (స్పెక్ట్రమ్‌గా మార్చకముందు ఉండే ముడి సిగ్నల్) ముఖ్యం, ఫేజ్ చేసిన బొమ్మ కాదు. బ్రూకర్ అయితే ఎక్స్‌పెరిమెంట్ నంబర్ ఉన్న ఫోల్డర్ మొత్తం, లోపల ఎఫ్‌ఐడీ, అక్యుస్, పల్స్ ప్రోగ్రామ్, పీడేటా అన్నీ కదపకుండా జిప్ చెయ్యండి. ఆ అక్యుస్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మీకు తెలిసిన ముఖమే కనబడుతుంది, అది కూడా జేక్యాంప్ పద్ధతిలో రాసినదే. పైథాన్‌లో ఎన్‌ఎంఆర్‌గ్లూ దీన్ని చదువుతుంది. జిప్ పక్కన జేక్యాంప్ కాపీ ఒకటి పెడితే ఇంకా మంచిది.

మాస్ వాళ్లకి ఎంజెడ్ఎంఎల్. 2008లో ఎంజెడ్ డేటా, ఎంజెడ్ఎక్స్‌ఎంఎల్ రెండింటి బదులు ఒకటే ఉండాలని తెచ్చిన ఫార్మాట్ ఇది. ప్రోటియోవిజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎంఎస్‌కన్వర్ట్ వాడి మార్చుకోండి, కంపెనీల లైబ్రరీలు కావాలి కాబట్టి ముడి ఫైళ్లు మార్చేటప్పుడు విండోస్ మీద చెయ్యడం సులువు. సెంట్రాయిడ్ (ప్రతి పీక్ ఆకారం బదులు ఒక్క పాయింట్‌గా రాసింది) కావాలంటే పీక్ పికింగ్ ఫిల్టర్‌ని లిస్టులో అన్నిటికంటే ముందు పెట్టాలి, లేకపోతే కంపెనీ అల్గారిథమ్ పని చెయ్యదు.

షేర్ చెయ్యడం

ముందు గైడ్‌నీ కో ఆథర్లనీ అడగండి, పేటెంట్ ఆలోచన ఏమైనా ఉంటే ఫైల్ చేసేదాకా ఆగండి. తర్వాత డ్రైవ్ లింక్ మాత్రం ఇవ్వొద్దు. యూనివర్సిటీ మెయిల్ ఐడీ పోయిన రోజున లింక్ కూడా పోతుంది. రీసెర్చ్ డేటా దాచుకునే జెనోడో అనే సైట్ ఉంది, సెర్న్ వాళ్లు 2013 నుంచి నడుపుతున్నారు, ఉచితం, ఒక్కో రికార్డుకి 50 జీబీ దాకా ఇస్తారు, మనకి అది బోలెడు. ప్రోటియోమిక్స్ అయితే ప్రైడ్, మెటబాలోమిక్స్ అయితే మెటబోలైట్స్ అనే డేటాబేస్‌లు ఉన్నాయి, అక్కడ పెడితేనే ఆ రంగం వాళ్లు వెతికి పట్టుకుంటారు.

జెనోడోలో ఫోల్డర్లు అలాగే ఉండవు కాబట్టి ముడి ఫైళ్లు ఒక జిప్, ఓపెన్ ఫైళ్లు ఒక జిప్ చేసి, రీడ్‌మీ మాత్రం జిప్‌కి బయటే పెట్టండి, దించుకోకుండానే చదవగలుగుతారు. లైసెన్స్ సీసీ బై అంటే వాడుకోండి, మా పేరు చెప్పండి అని. సీసీ జీరో అంటే ఏ షరతూ లేదని. లైసెన్స్ ఏమీ రాయకపోతే వాడుకోవచ్చో లేదో ఎదుటివాళ్లకి తెలియదు, జాగ్రత్తపరులు వదిలేసి వెళ్లిపోతారు. పబ్లిష్ నొక్కాక ఫైళ్లు మార్చడం మామూలుగా కుదరదు, సరిదిద్దాలంటే కొత్త వెర్షన్ పెట్టాలి, దానికి కొత్త డీఓఐ (ఎప్పటికీ మారని గుర్తింపు నంబర్) వస్తుంది, అన్ని వెర్షన్లకీ కలిపి ఇంకో డీఓఐ కూడా ఇస్తారు. పేపర్‌లో మీరు వాడిన వెర్షన్ డీఓఐనే రాయండి, ఆ గ్రాఫ్ వేసింది ఆ ఫైళ్లతోనే కాబట్టి.

పేపర్ ఇంకా రివ్యూలో ఉంటే డీఓఐని ముందే రిజర్వ్ చేసుకునే బటన్ ఉంది, ఆ నంబర్‌ని మాన్యుస్క్రిప్ట్‌లో డేటా అవైలబిలిటీ దగ్గర రాసేసి, యాక్సెప్ట్ అయిన రోజున పబ్లిష్ నొక్కొచ్చు. అప్పటిదాకా రివ్యూయర్లకి చూపించాలంటే ఎడిటర్‌కి ప్రైవేట్ లింక్ పంపండి.